సున్నా కింద ఆరు లీటర్లు

మార్చి 12

బ్యాటరీ కంపెనీవాళ్ళు పోయినేడు ఇచ్చిన డైరీ ఇది. ఒక్క పేజీ కూడా వాడలేదు. వారాలు ఈ ఏడాదితో కలవవు కాబట్టి అచ్చు తారీఖు కొట్టేసి పైన నేనే రాసుకుంటున్నాను. షాపులో పనిముట్ల సొరుగులోనే ఉంచుతాను. ఇంటికి తీసుకెళ్ళేది లేదు.

మామయ్య పోయి పది రోజులైంది. మా ఆవిడకు నాన్న, నాకు మామయ్య. ఇంట్లో ఇక ఇద్దరమే. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు, అరువు తెచ్చిన కుర్చీలు కూడా తిరిగి వెళ్ళిపోయాయి. ఈరోజు షాపు తెరిచాను. మూడు కార్ల మీటర్లు వచ్చి ఉన్నాయి. రెండు స్పీడువి, ఒకటి పెట్రోలుది. స్పీడువి బాగుచేశాను. పెట్రోలుది పక్కన పెట్టాను.

నాకేమీ అనిపించడం లేదు. అన్నం తింటున్నాను, నిద్రపోతున్నాను, అడిగినవాళ్ళకు జవాబు చెబుతున్నాను. ఆ సంగతే రాద్దామని కూర్చున్నాను. రాయడానికి ఇంతకంటే లేదు.

మార్చి 13

ముల్లు నిజమే చెప్పింది.

మార్చి 14

జరిగింది జరిగినట్టు ఒకసారి రాసిపెట్టుకుంటే మంచిది.

మా ఆవిడది ఇళ్ళకు వెళ్ళి రక్తం శాంపిళ్ళు తీసుకుని ల్యాబుకు చేర్చే పని. తెల్లారగానే ఐసుపెట్టె కారులో పెట్టుకుని బయలుదేరుతుంది. ఆ శుక్రవారం పదింటికి, మధ్యలో ఒకసారి ఇంటికొచ్చింది. మామయ్య వరండాలో కుర్చీలో ఉన్నాడు, చొక్కా చెమటకు తడిసిపోయి. ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుంది అన్నాడట. అంబులెన్సు కోసం చూడకుండా తనే కారెక్కించింది. ఆసుపత్రి పద్నాలుగు కిలోమీటర్లు.

పెట్రోలు మీటరు ముల్లు సున్నా మీద ఉంది. రెండో మలుపు దగ్గర బంకుంది. ఆగలేదు. వంతెన మధ్యలో కారు ఆగిపోయింది.

ఇంకో బండి దొరికి, ఆయన్ని అందులోకి మార్చేసరికి ఇరవై ఆరు నిమిషాలు. అంత సరిగ్గా ఎలా తెలుసంటే, రక్తం తీసిన ప్రతి గొట్టం మీదా టైము రాయడం తనకు అలవాటు. ఆగినప్పుడు ఒకసారి గడియారం చూసుకుంది, కదిలినప్పుడు ఒకసారి చూసుకుంది.

ముందే తెస్తే ఏమయ్యేదో చెప్పలేం అన్నాడు డాక్టరు. ముందే తెస్తే ఆయనకేమీ అయ్యేది కాదు అన్నట్టు నేను విన్నాను.

వచ్చినవాళ్ళందరూ అనుకున్నది ఒకటే. ఈ పిల్లకు బండిలో పెట్రోలు ఉందో లేదో చూసుకునే అలవాటు లేదు. తను కూడా అదే చెప్పింది. నాదే తప్పు, సున్నా మీద ఉందని తెలిసి కూడా బంకు దాటి వెళ్ళాను అంది, వచ్చిన ప్రతివాళ్ళతోనూ, మంచినీళ్ళు అందించినంత మామూలుగా. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

మార్చి 15

పెట్రోలు మీటరు గురించి నాకు తెలిసినంత ఈ వీధిలో ఎవరికీ తెలీదు. చుట్టుపక్కల షాపులవాళ్ళు నన్ను ముళ్ళ డాక్టరు అంటారు. ఒకసారి ఒక పెద్దాయన నిజంగానే కాల్లో విరిగిన ముల్లు తీయమని వచ్చాడు. తీసి పంపాను.

ట్యాంకులో ఒక చిన్న బుడ్డి తేలుతూ ఉంటుంది. దానికో కడ్డీ. పెట్రోలు తగ్గితే బుడ్డి దిగుతుంది, కడ్డీ వాలుతుంది, ఇక్కడ ముల్లు వాలుతుంది. ఇంతే విద్య. కాని ముల్లు ఉన్నదున్నట్టు చెబితే జనం తట్టుకోలేరు. బండి గుంతలో పడ్డప్పుడల్లా లోపల పెట్రోలు అటూ ఇటూ ఊగుతుంది, ముల్లు కూడా గంతులేస్తుంది. అందుకని దాన్ని కావాలనే మందకొడిగా తయారుచేస్తారు. సున్నా విషయంలోనూ అంతే. ముల్లు సున్నాకు వచ్చాక కూడా లోపల కొంత మిగిలేట్టు పెడతారు, దాన్నే రిజర్వు అంటారు. మనిషి సున్నా చూశాకే బంకు వెతుకుతాడని తయారుచేసినవాళ్ళకు తెలుసు.

మా ఆవిడ సున్నా చూశాక కూడా వెతకదు. ల్యాబుకు టైమైపోతోందండీ, వచ్చేటప్పుడు చూద్దాం అంటుంది. పెళ్ళైన కొత్తలో రెండుసార్లు నడిరోడ్డు మీద ఆగిపోయింది. రెండోసారి నేను డబ్బాలో పెట్రోలు పట్టుకుని వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం ఎండలో, ఐసుపెట్టె ఒళ్ళో పెట్టుకుని రోడ్డు పక్క గట్టు మీద కూర్చుని ఉంది. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం కారు మీటరు విప్పాను. ముల్లు పీకి, రిజర్వుతో కలిపి ఆరు లీటర్లు మిగిలేంత కిందికి దించి మళ్ళీ గుచ్చాను. అప్పట్నుంచీ ట్యాంకులో ఆరు లీటర్లు ఉండగానే ముల్లు సున్నా చూపించేది. గడియారాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పి పెట్టుకున్నట్టే.

తనకు చెప్పలేదు. చెబితే ఇంకేముంది, ఆ ఆరు లీటర్లు కూడా లెక్కలో వేసుకుని తిరుగుతుంది.

ఆరేళ్ళలో ఒక్కసారి కూడా కారు ఆగలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మార్చి 16

పక్కన పెట్టిన పెట్రోలు మీటరు ఈరోజు బాగుచేశాను. మామూలుగా పట్టే టైమే పట్టింది. ఎక్కువ పడుతుందేమో అనుకున్నాను.

మార్చి 17

ఇంకొంచెం రాయాలి.

ఫిబ్రవరి 24న ఒకాయన పెద్ద కారు తెచ్చాడు. అమ్మకానికి పెడుతున్నాడట, తిరిగిన కిలోమీటర్లు సగానికి తగ్గించి పెట్టమన్నాడు. మీటరు చేత అబద్ధం చెప్పించడం నా వల్ల కాదు, వేరే షాపు చూసుకోండి అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. పక్కనున్న బ్యాటరీ షాపాయన విని, మా డాక్టరు చెయ్యి పడితే ముల్లు నిజమే చెప్పాలి అని వీధంతా చాటాడు. నాకు గర్వంగానే ఉండింది.

మర్నాడు ఆదివారం. రాత్రిళ్ళు అంకెలు కనబడేందుకు మా కారు మీటరు వెనక వెలిగే దీపం పోయిందని విప్పాను. దించి పెట్టిన ఆ ముల్లు చేతిలోకి వచ్చింది. సిగ్గేసింది. నిన్న ఊరికి నీతులు చెప్పాను, నా ఇంటి మీటరేమో ఆరేళ్ళుగా బొంకుతోంది. సరిచేశాను. ఊరికే సరిచేయలేదు, ట్యాంకులో మిగిలింది తోడి, కొలత డబ్బాతో లీటరు లీటరు పోసి చూసి మరీ గుచ్చాను. తయారుచేసినవాళ్ళు దాచిన ఆ కొంచెం కూడా లేకుండా తీసేశాను. సున్నా అంటే సున్నా. ఇంత కచ్చితమైన మీటరు ఈ వీధిలో ఇంకో కారుకు లేదు.

తనకు చెబుదామనే అనుకున్నాను. పనిలో పడి మరిచిపోయాను.

మార్చి 18

మరిచిపోలేదు.

ఈరోజు ఆదివారం, షాపు సెలవు. అయినా వచ్చి షట్టరు సగం దించుకుని కూర్చున్నాను.

ఇంట్లో తను మామయ్య గదిలో ఉంటుంది. ఏడవదు. ఒక్కసారి కూడా ఏడవలేదు. పనికి వెళ్ళడం మానేసింది. కూరగాయలకు నడిచే వెళుతుంది, ఆ కారు ఉన్న వైపు కూడా చూడదు. నిన్న టిఫిను తినేటప్పుడు ఉన్నట్టుండి, కారు అమ్మేయండి అంది. బ్యాటరీ షాపాయన ఎప్పట్నుంచో అడుగుతున్నాడు, వాళ్ళ కోడలికి కావాలట. వచ్చే ఆదివారం పదకొండింటికి వచ్చి తీసుకెళ్ళమని చెప్పాను. చెప్పాక ఒంట్లో బరువేదో తగ్గినట్టనిపించింది. కారు పోతే మీటరూ పోతుంది. ఇంకెవరూ విప్పి చూడరు.

ఇంత నీచంగా ఆలోచించగలనని నాకు తెలీదు. రాసుకున్నాక తెలిసింది.

వంతెన మీద జరిగింది తను ఎవరికీ చెప్పదు. నిన్న ఒక్కమాట మాత్రం అంది.

"నాన్న ఆఖరిదాకా, నా లెక్క ఎక్కడ తప్పిందో అంటూనే ఉన్నాడండీ."

ఏ లెక్కో నాకు అర్థం కాలేదు. అడగలేదు.

మార్చి 20

ముల్లు ఒక్కటే కాదు. ఎర్ర బల్బు కూడా ఉంది.

పెట్రోలు అడుగంటితే వెలిగే చిన్న ఎర్రదీపం అది. ముల్లు దించినప్పుడు దాన్ని పీకేశాను. ముల్లు సున్నా మీద ఉండి ఎర్రదీపం వెలక్కపోతే ఎవరికైనా అనుమానం వస్తుంది. అసలు దీపమే లేకపోతే బల్బు కాలిపోయిందనుకుంటారు. ఫిబ్రవరిలో ముల్లు సరిచేసినప్పుడు బల్బు కూడా తిరిగి పెట్టాల్సింది. సొరుగులోనే ఉంది, కాగితంలో చుట్టి. భోజనానికి పిలిచారని లేచి వెళ్ళాను. తర్వాత చూద్దాం అనుకున్నాను.

ఆరేళ్ళుగా వెలగని దీపం ఆ ఉదయం వెలిగి ఉంటే తను చూసి ఉండేది. ఏదో మారిందని తెలిసేది. బంకు దగ్గర ఆగేది.

బల్బు ఇప్పుడు ఈ డైరీ పక్కనే ఉంది. చిటికెనవేలి గోరంత ఉంటుంది.

మార్చి 22

అమ్మే ముందు కారు శుభ్రం చేద్దామని షాపుకు తోయించుకొచ్చాను, సాయంత్రానికి మళ్ళీ ఇంటికి చేర్చాలి. ముందు సీటు ఎదురుగా ఉండే అరలో, తుడిచే గుడ్డల కింద మామయ్య పుస్తకం దొరికింది. అట్ట మీద నూనె మరకలు, మడతలో పెన్సిలు ముక్క.

మామయ్య ముప్పై రెండేళ్ళు బస్సు నడిపాడు. వాళ్ళ కాలంలో బస్సుల్లో ముళ్ళు పనిచేసేవి కావు. ట్యాంకులో కర్ర ముంచి తడి ఎంతదాకా ఉందో చూసుకునేవాళ్ళు, తిరిగిన కిలోమీటర్లు రాసుకునేవాళ్ళు. ముప్పై రెండేళ్ళలో ఒక్కరోజు కూడా దారిలో బస్సు ఆపలేదని పదిమందిలో ఉన్నప్పుడు ఒకటికి రెండుసార్లు చెప్పేవాడు. ఇంకే విషయంలోనూ గొప్పలు చెప్పుకునే మనిషి కాదు. అల్లుడుగారూ, మీ ముళ్ళు మీరు నమ్మండి, నా లెక్క నేను నమ్ముతాను అని నన్ను ఆటపట్టించేవాడు. మా కారుకు కూడా లెక్క రాస్తున్నాడని నాకు తెలీదు.

మొదటి పేజీలోనే ఉంది, ఆరేళ్ళ కిందటి తారీఖుతో:

"ట్యాంకు నిండా పోయించినా ముల్లు నిండా చూపడం లేదు. అల్లుడు ముల్లు దించాడు. సున్నా దగ్గర ఇంకా ఆరు లీటర్లుంటుంది, ఎనభై కిలోమీటర్లకు ఢోకా లేదు. అమ్మాయికి చెప్పాను. అల్లుడికి తెలిసినట్టు చెప్పొద్దన్నాను. తెలిస్తే ఇంకోచోట దాస్తాడు."

ఇద్దరికీ తెలుసు. ఆరేళ్ళు నన్ను చూసి లోపల్లోపల నవ్వుకుంటూ, నా మనసు నొప్పించకుండా ఊరుకున్నారు. తను సున్నా మీద తిరిగింది నిర్లక్ష్యంతో కాదు. నేను దాచిన ఆరు లీటర్ల మీద నమ్మకంతో.

ఇక చివరి పేజీ:

"25 ఆదివారం. ముల్లు ఆరు లీటర్లు పెరిగింది. అల్లుడు పోయించాడు. అమ్మాయి అడిగితే అవునన్నాడు."

దాని కింద సోమ, మంగళ, బుధ, గురువారాల కిలోమీటర్లు. గురువారం పక్కన "రేపు ముల్లు సున్నాకొస్తుంది. ఇంకా ఆరు లీటర్లు" అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.

పది రోజులుగా ఇది రాయకుండా నెట్టుకొస్తున్నాను. ఇప్పుడు రాయక తప్పదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను ముల్లు సరిచేసి లోపలికి వెళ్ళి భోజనానికి కూర్చున్నాను. తను ఏదో తెచ్చుకోవడానికి కారు దగ్గరికెళ్ళి వచ్చింది. ముల్లు సగానికి ఉందే, పెట్రోలు పోయించారా అని అడిగింది. నోట్లో ముద్ద ఉంది. నిజం చెప్పాలంటే ఆరేళ్ళ కిందటి సంగతి నుంచీ చెప్పుకురావాలి. ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను.

"ఊఁ" అన్నాను.

అంతే. మామయ్య ఎదురుగా కూర్చుని మజ్జిగ కలుపుకుంటున్నాడు. ఆయన కూడా విన్నాడు.

మార్చి 23

చెప్పలేదు.

మార్చి 24

చెప్పలేదు. పొద్దున గుమ్మందాకా వెళ్ళి, చెప్పులు వేసుకుని, విప్పి, మళ్ళీ వేసుకుని షాపుకొచ్చాను. ఏమైనా మరిచారా అని అడిగింది. లేదన్నాను.

చెప్పకపోయినా ఒరిగేదేమీ లేదు. మామయ్య తిరిగి రాడు. కారు రేపు వెళ్ళిపోతుంది. తను కొన్నాళ్ళకు కోలుకుంటుంది, మళ్ళీ పనికెళుతుంది, బస్సులో. ఎప్పుడో ఒకప్పుడు మేమిద్దరం మామూలుగా టీ తాగుతూ కూర్చుంటాం. అప్పుడు ఎవరైనా వచ్చి మామయ్య సంగతి ఎత్తితే, నాదే తప్పు అంటుంది. నేను పక్కనే ఉంటాను.



మార్చి 25

పొద్దున తొమ్మిదింటికి చెప్పాను. ఇప్పుడు మధ్యాహ్నం రెండు. షాపుకొచ్చి కూర్చున్నాను, ఇంకెక్కడికి వెళ్ళాలో తెలీక.

తను వంటింట్లో గిన్నెలు తుడిచి పెడుతోంది. నేను షాపు నుంచి తెచ్చిన మామయ్య పుస్తకమూ ఎర్ర బల్బూ బల్ల మీద పెట్టాను.

"ఆ ఆదివారం నేను పెట్రోలు పోయించలేదు" అన్నాను.

"ఏ ఆదివారం?"

"ఇరవై అయిదో తారీఖు. నువ్వడిగావు. ఊఁ అన్నాను. పోయించలేదు. ముల్లు సరిచేశాను, అందుకే పెరిగింది."

గిన్నె చేతిలోనే ఉంది. మిగిలిందంతా చెప్పాను. పెద్ద కారాయన సంగతి, నా గొప్ప, కొలత డబ్బా, పెట్టని బల్బు. అయిపోయాక తను గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుని, కూర్చుని పుస్తకం తెరిచింది. చివరి పేజీ మీద వేలు పెట్టి ఒక్కో వరుసా కిందికి చదివింది, రక్తం గొట్టాల మీద చీటీలు సరిచూసుకునేటప్పుడు చదివినట్టు. వేలు ఆదివారం దగ్గర ఆగింది. మళ్ళీ గురువారందాకా దిగింది.

"అయితే నాన్న లెక్క తప్పలేదన్నమాట" అంది.

"తప్పలేదు."

"వంతెన మీద నా చెయ్యి పట్టుకుని, నావల్లే తల్లీ, నేనే తప్పు లెక్క వేశాను, ఏమీ అనుకోకు అన్నాడు." పుస్తకం మీంచి వేలు తీసింది. "నేను పరవాలేదు నాన్నా అన్నాను. తప్పు ఆయనదే అయినట్టు."

అప్పుడు ఏడ్చింది. మూడు వారాలుగా లేని ఏడుపు. బల్ల పట్టుకుని, గొంతు పూర్తిగా వదిలేసి. నేను దగ్గరికి వెళ్ళబోయాను. తల ఎత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టింది. నిలబడిపోయాను. అక్కడే, ఆ చేతికి ఇవతల, నాకు మొదటిసారి అనిపించింది. మామయ్య లేడని. మజ్జిగ కలుపుకుంటూ నా ఊఁ విని నమ్మిన మనిషి లేడని. గోడవార కూర్చున్నాను.

పదకొండింటికి బ్యాటరీ షాపాయన వచ్చాడు. తనే ముఖం కడుక్కుని గుమ్మంలోకి వెళ్ళింది. ఏమీ అనుకోకండన్నయ్యా, కారు అమ్మడం లేదు, మా నాన్న లెక్క పుస్తకం ఇంకా అయిపోలేదు అంది. ఆయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

మార్చి 26

పొద్దున వంటింట్లో రెండు గ్లాసుల టీ పెట్టి ఉంది. ఒకటి తాగి వచ్చాను. నాతో మాట్లాడలేదు.

మార్చి 27

మాట్లాడలేదు. అడిగే హక్కు నాకు లేదు.

మార్చి 28

ఎర్ర బల్బు కారులో పెట్టాను. వరండాలోంచి చూస్తూ నిలబడింది. పని అయ్యేదాకా అక్కడే ఉంది.

మార్చి 29

ఈరోజు తెల్లారగానే తను ఐసుపెట్టె తీసింది. నిన్న బంకు నుంచి డబ్బాతో కొంచెం తెప్పించి పోయించుకున్నట్టుంది, కారు తోయకుండానే కదిలింది. గేటు దగ్గర ఆగి, వంతెన మీదుగా వెళ్ళే దారే పట్టింది. నేను గేటు మూశాను.

పదకొండింటికి పని ముగించుకుని షాపు ముందు కారు ఆపింది. నాలుగు వారాలుగా ఇటు రాలేదు. ల్యాబు కాగితాల మీద సంతకం కావాలంది, చేశాను. నీళ్ళు తాగొస్తానని బ్యాటరీ షాపు వైపు వెళ్ళింది. మామయ్య పుస్తకం ముందు సీటులో తెరిచే ఉంది. కావాలనే తెరిచి పెట్టిందో, అలా వదిలేసిందో తెలీదు. చూశాను.

"అల్లుడు పోయించాడు" అన్న వరుస మీద ఒకటే గీత ఉంది, తిన్నగా. దాని పక్కన తన అక్షరాలతో "లేదు" అని ఉంది. కింద సోమవారం నుంచి లెక్కంతా మళ్ళీ వేసింది. కిలోమీటర్లు మామయ్యవే, ఒక్కటీ మార్చలేదు. శుక్రవారం, పది గంటల ఇరవై రెండు నిమిషాలు, వంతెన, సున్నా. సరిపోయింది. మామయ్య లెక్క కిలోమీటరు కూడా అటూ ఇటూ కాలేదు. పక్కన చిన్న టిక్కు పెట్టింది.

ఆ కింద ఒక వరుస ఖాళీ వదిలి, ఈరోజు తారీఖు వేసి, ఇలా రాసింది:

"ట్యాంకు నిండా. నేనే దగ్గరుండి పోయించాను."